పిన్ని క్యాలెండరూ, అమెరికా చలి మ్యాపూ

మొన్న నవంబర్లో ఓ శనివారం పొద్దున్నే మా పిన్ని ఫోన్ చేసింది. "ఏరా, ఇవాళ ఖాళీయేనా? మంగళవారం రాత్రి బాగా పడిపోతుందిట. ఓసారి వచ్చి కుండీలు లోపల పెట్టి పోరాదూ? మీ బాబాయికి నడుం పట్టేసింది." శనివారం ఎనిమిదింటికి నన్ను నిద్రలేపే హక్కు ఈ భూమ్మీద ఇద్దరికే ఉంది. ఒకరు ఊళ్ళో ఉన్న మా అమ్మ. రెండో ఆవిడ ఈవిడ, డల్లాస్‌కి ఉత్తరాన మా అపార్ట్‌మెంటుకి ఇరవై నిమిషాల దూరంలో ఉంటుంది. వెళ్ళక తప్పలేదు. పెసరట్లు ఉన్నాయన్న సంగతి ముందే తెలుసనుకోండి, అది వేరే విషయం.

మొత్తం ఐదు కుండీలు. కరివేపాకు రెండు, మల్లె ఒకటి, తమలపాకు తీగ ఒకటి, నిమ్మ ఒకటి. నిమ్మ కుండీకి నర్సరీ వాళ్ళు కట్టిన ప్లాస్టిక్ చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది. దాని మీద "జోన్ 9 - 11" అని రాసుంది. ఇదేమిటా అని అక్కడే నిలబడి ఫోన్లో జిప్ కోడ్ కొట్టి చూస్తే, పిన్ని వాళ్ళది జోన్ 8 అని తేలింది. అంటే లెక్క ప్రకారం ఈ నిమ్మచెట్టు ఈ ఊళ్ళో ఉండకూడదు. ఆ మాటే పిన్నితో అన్నాను.

"నంబరు చూసి పెంచితే ఈ ఊళ్ళో మనం తినేవి ఒక్కటీ పెరగవురా. నా లెక్క నాకుంది" అంది.

ఆ లెక్క వంటింట్లో ఫ్రిజ్ పక్కన మేకుకి వేలాడుతోంది. వెంకట్రామా వారి క్యాలెండరు. తిథి, నక్షత్రం, వర్జ్యాల మధ్య మిగిలిన కాస్త ఖాళీలో నీలం పెన్నుతో చిన్న చిన్న అంకెలు: 44, 41, 37, 33. పెరటి కంచెకి తగిలించిన థర్మామీటర్లో రాత్రి కనిష్ఠం ఎంత పడిందో పొద్దున కాఫీ పెట్టుకునేముందు చూసి రాస్తుందన్నమాట. అక్టోబర్ నుంచి మార్చి దాకా రోజూ. 2009 నుంచీ రాస్తోంది. పాత క్యాలెండర్లు పప్పుడబ్బాల వెనక చుట్టలు చుట్టి పెట్టి ఉన్నాయి. (ఇక్కడంతా ఫారన్‌హీట్ కాబట్టి నేనూ అందులోనే రాస్తాను. నీళ్ళు గడ్డకట్టేది 32 దగ్గర అని గుర్తుంచుకుంటే చాలు.)

సరే, పిన్ని అంకెలు ఎక్కడ్నించి వచ్చాయో తెలిసింది. మరి ఆ చీటీ మీది 9 ఎక్కడ్నించి వచ్చింది? ఎవడు వేశాడు, దేన్ని చూసి వేశాడు? డేటా చూస్తే దాని మూలం ఏమిటని అడగడం మన వృత్తిరోగం కదా. వారం రోజులు రాత్రిళ్ళు కూచుని చదివితే తేలిందేమిటంటే, ఆ అంకె వెనక రెండొందల యాభయ్యేళ్ళ కథ ఉంది. అందులో ముఖ్యపాత్రలు మా పిన్ని లాంటి వాళ్ళే.

కథలోకి వెళ్ళేముందు ఒక్క మాట. చలికాలమంటే మనకి తోట పండగ. ధనుర్మాసంలో మా అమ్మమ్మగారింటి పెరడు తలుచుకుంటే పందిరి నిండా చిక్కుడుకాయలు, గోడవారన బంతీ చేమంతీ, గొబ్బెమ్మల మీదకి గుమ్మడిపూలూ గుర్తొస్తాయి. గోదావరి జిల్లాల్లో రాత్రి కనిష్ఠం 60 దరిదాపుల్లో ఉంటే "అబ్బ, ఏం చలి" అని మఫ్లర్లు చుట్టుకుంటాం. మంచుకి భయపడేదల్లా మామిడిపూత ఏమవుతుందోనని. అక్కడా పూతని పాడుచేసేది నిజానికి పురుగూ తెగులే, కానీ ఆ పురుగుకి మనవాళ్ళు పెట్టిన పేరు కూడా తేనెమంచు పురుగే. మనకి పొద్దున కమ్మేసేదీ మంచే, గడ్డి మీద బొట్టు కట్టేదీ మంచే, హిమాలయాల మీద ఉండేదీ మంచే. చెట్టుని చంపే మంచు మనకి పెద్దగా పరిచయం లేదు కాబట్టి దానికంటూ విడిగా ఓ మాట వాడుకలోకి రాలేదనుకుంటాను. ఆ భయమేమిటో తెలియాలంటే అమెరికా రావాల్సిందే.

ఆ మాటకొస్తే, ఇక్కడికి మొదట వచ్చిన ఇంగ్లీషు వాళ్ళకీ అది తెలియదు. వాళ్ళ లెక్కంతా అక్షాంశాల మీద. వర్జీనియాలో జేమ్స్‌టౌన్ ఉన్నది 37 డిగ్రీల మీద, అంటే దక్షిణ స్పెయిన్‌తో సమానం. కాబట్టి నారింజలూ ఆలివ్‌లూ పట్టుపురుగులూ పెంచేయొచ్చనుకున్నారు. 1607లో మెయిన్ తీరంలో పోపమ్ కాలనీ పెట్టారు. అది ఫ్రాన్స్ దక్షిణతీరంలోని నీస్ నగరంతో దాదాపు ఒకే అక్షాంశం. ఒక్క చలికాలం చూశారు, అంతే, 1608లో దుకాణం కట్టేసి ఓడెక్కి ఇంటికెళ్ళిపోయారు. ఇదే తప్పు మనమూ చేస్తాం. డల్లాస్ 32.8 డిగ్రీల మీద ఉంది, జమ్మూ కూడా అటూఇటూగా అంతే. కానీ మనకి ఉత్తరాన హిమాలయాలు అడ్డుగోడలా నిలబడ్డాయి. ఇక్కడ కెనడా నుంచి టెక్సస్ దాకా గాలికి అడ్డుగా తూర్పుపడమరల కొండ ఒక్కటీ లేదు. 1911 నవంబర్ 11న ఓక్లహామా సిటీలో మధ్యాహ్నం 83 డిగ్రీలుంటే, అదే రోజు అర్ధరాత్రిలోగా 17కి పడిపోయింది. ఆ తారీఖుకి అక్కడ అత్యధికం రికార్డూ అత్యల్పం రికార్డూ రెండూ ఆ ఒక్క రోజువే. పొద్దున చొక్కా విప్పి కుండీలకు నీళ్ళు పోసినవాడు రాత్రికి దుప్పట్లు వెతుక్కున్నాడన్నమాట.

అక్షాంశం పనిచేయనప్పుడు మిగిలేది ఒకటే: ఎవరి పెరట్లో వాళ్ళు చూసుకుని రాసుకోవడం. ఈ పని పిచ్చిగా చేసినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సింది థామస్ జెఫర్సన్‌ని. స్వాతంత్ర్య ప్రకటన ఆమోదం పొందిన 1776 జులై 4 నాడు కూడా ఈయన ఫిలడెల్ఫియాలో థర్మామీటర్ చూసి ఉదయం 68, మధ్యాహ్నం ఒంటిగంటకు 76 అని పుస్తకంలో ఎక్కించాడు. దేశం పుడుతున్న రోజున కూడా లాగ్ ఫైల్ రాయడం మానని మనిషి! 1766లో మొదలుపెట్టిన తోట డైరీ 1824 దాకా నడిపాడు. ఏ విత్తనం ఎప్పుడు వేసిందీ, ఎప్పుడు మొలిచిందీ, ఎప్పుడు వంటింటికి చేరిందీ, ఏది చచ్చిందీ అన్నీ ఉన్నాయి. చచ్చినవాటి పట్టిక తక్కువేం కాదు. వర్జీనియాలో ఆలివ్ చెట్లు పెంచాలని ఎంతో ఆశపడ్డాడు, చలి పడనివ్వలేదు. 1774 మే మొదటి వారంలో, అందరూ ఇక చలి పోయిందనుకున్నాక, ఒక్క రాత్రి కురిసిన మంచు గోధుమా మొక్కజొన్నా పొగాకూ అన్నిటినీ మాడ్చేసింది. డైరీలో అదీ ఉంది.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటుంది. వర్జీనియా మీద రాసిన తన పుస్తకంలో జెఫర్సన్ ఒక విషయం గమనించాడు. కొండకింద చెట్లు మంచుకి చచ్చిన రాత్రి కూడా తన మాంటిచెల్లో కొండమీద పళ్ళచెట్ల పూత చెక్కుచెదరకుండా ఉందని. కారణం ఇవాళ స్కూలు పిల్లలు కూడా చెప్తారు. గాలి లేని, మబ్బు లేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. దాన్ని తాకిన గాలి చల్లబడి బరువెక్కి నీళ్ళలాగే పల్లానికి జారి అక్కడ నిలవుంటుంది. అందుకే ఒకే వీధిలో మిట్టమీది ఇంట్లో టమాటాలు బతుకుతాయి, పల్లపు ఇంట్లో చస్తాయి. ఆ కొండవాలు మీద వెయ్యి అడుగుల పొడవున కూరగాయల తోట వేయించి, మూడొందలకి పైగా రకాలు పండించాడాయన. పండించాడు అని తేలిగ్గా రాసేస్తున్నాను గానీ, ఆ వాలుని తవ్వి చదును చేసిందీ, రాతిగోడ కట్టిందీ, నీళ్ళు పోసిందీ బానిసలుగా బతికిన మనుషులు. వర్మ్‌లీ హ్యూజ్ అనే ఆయన తోటమాలిగా ఏళ్ళ తరబడి అక్కడ పనిచేశాడు. డైరీ జెఫర్సన్‌ది, మట్టి హ్యూజ్‌ది. మంచు పడబోతోందని ముందు ఎవరి వేళ్ళకి తెలిసుంటుందో ఊహించడం కష్టం కాదు.

జెఫర్సన్ ఇరుగుపొరుగులతో బఠాణీల పందెం కాసేవాడు. వసంతంలో ఎవరి తోటలో బఠాణీ ముందు కోతకొస్తే వాళ్ళింట్లో అందరికీ విందు. సాధారణంగా గెలిచేది ఈయన కాదు, జార్జ్ డైవర్స్ అనే పొరుగాయన. ఎంత డేటా రాసుకుంటే ఏం లాభం అనిపిస్తుంది :-) కానీ ఆయనకింకో ఊహ కూడా వచ్చింది. తనొక్కడి థర్మామీటర్ తన కొండ గురించే చెప్తుంది కాబట్టి, ప్రతి ప్రాంతంలో ఒకరు అదే గంటకి చూసి రాస్తే మొత్తం దేశపు వాతావరణం తెలుస్తుంది కదా అని. వర్జీనియాలో కొందరిని కూడగట్టే ప్రయత్నం కూడా చేశాడు. యుద్ధం వచ్చి అది సాగలేదు.

అలాంటి ఏర్పాటు లేకపోతే ఏమవుతుందో 1816లో తెలిసింది. అంతకు ముందేడు ఏప్రిల్లో ఇండోనీషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలి, ఆ ధూళీ గంధకపు పొరా ఆకాశంలో పరుచుకున్నాయి. 1816 జూన్ మొదటివారంలో న్యూ ఇంగ్లండ్‌లో మంచు కురిసింది. జులైలోనూ ఆగస్టులోనూ కూడా రాత్రిళ్ళు పైర్లు మాడాయి. మొక్కజొన్న తిరిగి నాటారు, మళ్ళీ చచ్చింది, మళ్ళీ నాటారు. పెరటి కూరగాయల మీదే చలికాలమంతా గడిపే రోజులవి. నేలమాళిగలో దుంపలు లేకపోతే ఫిబ్రవరిలో పస్తే. చాలా కుటుంబాలు మూటాముల్లే సర్దుకుని ఒహాయో వైపు వెళ్ళిపోయాయి. ఎందుకిలా జరిగిందో వాళ్ళలో ఎవ్వరికీ తెలియదు. ప్రపంచానికి అవతలి వైపు కొండ పేలిందన్న సంగతికీ తమ చిక్కుడుపాదు చావుకీ ముడిపెట్టడానికి ఇంకో వందేళ్ళు పట్టింది.

టెలిగ్రాఫ్ వచ్చాక పరిస్థితి మారింది. 1870లో సైన్యంలోని సిగ్నల్ విభాగానికి వాతావరణం పని అప్పజెప్పారు. పడమట పుట్టిన చలిగాలి తూర్పుకి రావడానికి రోజో రెండు రోజులో పడుతుంది, టెలిగ్రామ్‌కి నిమిషాలు చాలు. తపాలాఫీసు మీద తెల్లజెండా మధ్యలో నల్లచదరం ఎగిరితే చలి ముంచుకొస్తోందని అర్థం. ఆ జెండా చూసి ఇల్లాలు చామంతులు కోసేసుకునేది, కుండీలు లోపల పెట్టుకునేది. ఇవాళ ఫోన్లో టింగుమని వచ్చే హెచ్చరికకి ముత్తాత అదే. 1890 చట్టంతో ఈ పని సైన్యం చేతినుంచి వ్యవసాయశాఖ కిందకి వచ్చింది. దాంతోపాటే ఇంకోటి మొదలైంది, నా దృష్టిలో ఈ కథ మొత్తానికి గుండెకాయ అదే: స్వచ్ఛంద పరిశీలకుల వ్యవస్థ. ఊరికొకరు చొప్పున రైతులు, బడిపంతుళ్ళు, పోస్టుమాస్టర్లు, గృహిణులు తమ పెరట్లో ప్రభుత్వమిచ్చిన థర్మామీటర్ పెట్టుకుని రోజూ గరిష్ఠం, కనిష్ఠం రాసి పంపుతారు. జీతం లేదు. జెఫర్సన్ అనుకున్నదే, వందేళ్ళు ఆలస్యంగా. ఇప్పటికీ ఎనిమిదివేల మందికి పైగా చేస్తున్నారు. తాత, తండ్రి, కొడుకు వరసగా వందేళ్ళు రాసిన కుటుంబాలున్నాయి. ఓపెన్ సోర్స్ మనం కనిపెట్టామని గొప్పలు పోతాం గానీ...

ఇక ఫ్లారిడా. ఇది చదివాకే నాకు చలి ఎలా చంపుతుందో అర్థమైంది. 1894 డిసెంబర్ చివర్లో చలిగాలి వచ్చి, 20 డిగ్రీల లోపుకి పడింది. నారింజలు చెట్ల మీదే గడ్డకట్టాయి, ఆకులు రాలాయి. కానీ చెట్లు చావలేదు. ఆ తర్వాత జనవరి వెచ్చగా గడిచింది. చలి వెళ్ళిపోయిందనుకుని చెట్లు చిగుళ్ళు వేశాయి, కాండంలో రసం పైకెక్కింది. సరిగ్గా అప్పుడు, 1895 ఫిబ్రవరి 7, 8 తేదీల్లో, మళ్ళీ అంతే చలి పడింది. రసం గడ్డకట్టి బెరడు పగిలి చెట్లు నిలువునా చీలిపోయాయి. ఏడాదికి 50 లక్షల పెట్టెలకి పైగా ఉన్న నారింజ పంట రెండు లక్షల లోపుకి పడిపోయింది. మళ్ళీ పాత లెక్కకి చేరడానికి పదిహేనేళ్ళ దాకా పట్టింది. మొదటి చలికీ రెండోదానికీ డిగ్రీల్లో పెద్ద తేడా లేదు. మధ్యలో వచ్చిన వెచ్చటి జనవరే కొంప ముంచింది. తోటలు దక్షిణానికి జరిగాయి, మనుషులూ జరిగారు. 1896లో రైలు మయామీ చేరింది, అదే ఏడు అది నగరమైంది.

అసలు విషయానికొస్తే, ఈ లక్షల పెరటి అంకెలన్నీ పోగుపడ్డాక వాటితో మ్యాపు గియ్యాలన్న ఆలోచన సహజంగానే వచ్చింది. 1927లో హార్వర్డ్ వారి ఆర్నాల్డ్ ఆర్బొరీటంలో ఆల్ఫ్రెడ్ రేడర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఎనిమిది జోన్ల మ్యాపు ఇచ్చాడు. 1938లో అక్కడే డొనాల్డ్ వైమన్, 1895 నుంచి 1935 దాకా పోగైన కనిష్ఠాలతో ఇంకా మంచి మ్యాపు గీశాడు. 1960లో వ్యవసాయశాఖ తన సొంత మ్యాపు విడుదల చేసింది, పది డిగ్రీలకొక జోను చొప్పున. ఇక్కడ మన ఫీల్డు వాళ్ళు ఒకసారి గట్టిగా నిట్టూర్చాలి. ఎందుకంటే వైమన్ మ్యాపు ఆగిపోలేదు, 1971 దాకా కొత్త వెర్షన్లు వస్తూనే ఉన్నాయి. వైమన్ జోన్లు ఒకటి ఐదు డిగ్రీల వెడల్పు, ఇంకోటి పదిహేను. వ్యవసాయశాఖ జోన్ 5 అంటే సున్నాకి కింద 20 నుంచి 10 దాకా. వైమన్ జోన్ 5 అంటే సున్నాకి కింద 10 నుంచి 5 దాకా. ఒకే అంకెకి రెండర్థాలు, చీటీ మీద వెర్షన్ నంబరు లేదు! నర్సరీ వాడు ఒక పుస్తకం చూసి అంకె వేస్తాడు, కొనేవాడి ఇంట్లో రెండో మ్యాపు గోడకుంటుంది. పాపం ఎన్ని గులాబీలు చచ్చాయో.

1990లో మ్యాపు తిరగరాశారు. 1974 నుంచి 1986 దాకా ఉన్న పదమూడేళ్ళ డేటా తీసుకున్నారు, ఒక్కో జోన్ని ఎ, బి అని సగానికి కోశారు. ఆ పదమూడేళ్ళలో గట్టి చలికాలాలు పడటంతో చాలా ఊళ్ళు చల్లటి జోన్లలోకి దిగాయి. 2003లో అమెరికా ఉద్యానసంఘం వాళ్ళు 1986 తర్వాతి డేటాతో ఒక చిత్తుప్రతి తయారుచేస్తే ఊళ్ళన్నీ వెచ్చటి జోన్లలోకి ఎక్కాయి. వ్యవసాయశాఖ దాన్ని పక్కన పెట్టేసింది. 2012లో ముప్ఫై ఏళ్ళ డేటాతో (1976 - 2005), జిప్ కోడ్ కొడితే జోన్ చెప్పేలా కొత్త మ్యాపు వచ్చింది. 2023 నవంబర్లో ఇంకోటి, ఈసారి 1991 నుంచి 2020 దాకా, 13,412 కేంద్రాల కొలతలతో. దేశంలో సగం ప్రాంతం అర జోను వెచ్చబడింది. మా పిన్ని జిప్ కోడ్ కూడా 8ఎ నుంచి 8బి అయింది. అందులో కొంత లోకం వేడెక్కడం వల్ల, కొంత కొలతలు మెరుగవడం వల్ల. రెండూ కలిసే ఉన్నాయి.

ఇంతకీ ఆ అంకె కొలిచేదేమిటి? ఏడాది మొత్తంలో అన్నిటికన్నా చల్లటి రాత్రి ఒకటుంటుంది కదా, దాని కనిష్ఠం తీసుకుంటారు. అలా ముప్ఫై ఏళ్ళవి ముప్ఫై అంకెలు. వాటి సగటు. అంతే. 8ఎ అంటే ఆ సగటు 10 - 15 మధ్య ఉందని అర్థం. "ఇంతకన్నా తగ్గదు" అని కాదు, చాలామంది అలా అనుకుంటారు, నేనూ అనుకున్నాను. సగటు అన్నాక దాదాపు సగం చలికాలాలు అంతకన్నా కిందకే పోతాయి. ఎంత కిందకి అన్నది మ్యాపులో ఉండదు. సగటు ట్రాఫిక్ చూసి సర్వర్లు కొని పండగ సేల్ రోజున యుద్ధగదిలో కూచున్న అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది, నాకైతే ఉంది. సర్వర్ని రీస్టార్ట్ చెయ్యొచ్చు. ఎనిమిదేళ్ళ చెట్టుని ఏం చేస్తాం?

ఎనిమిదేళ్ళు అని ఊరికే అనలేదు. పిన్ని వాళ్ళ ఇంటికి దక్షిణం వైపు ఇటుకగోడ ఉంది. పగలంతా ఎండకి కాగి రాత్రి నెమ్మదిగా వేడి వదులుతుంది. ఆ గోడవారన 2013లో పిన్ని కరివేపాకు నేలలోనే పాతింది. ఎవరో తెలిసినావిడ ఇచ్చిన పిలక. ఇక్కడ కరివేపాకు మొక్క దొరకడం మాటలు కాదు. అది నిమ్మ, నారింజల కుటుంబం. నారింజ తోటల్ని నాశనం చేసే తెగులుని మోసే పురుగుకి కరివేపాకంటే మహా ఇష్టం. 1998లో ఫ్లారిడాలో ఆ పురుగు కనపడినప్పట్నుంచీ, నారింజ పండే టెక్సస్ లాంటి రాష్ట్రాల్లోకి బయటి నుంచి ఈ మొక్కలు తేవడం మీద గట్టి ఆంక్షలున్నాయి. 1895 చలికి కూలిన తోటలకీ మా ఇంటి పోపుకీ ఇలా బంధుత్వం కలిసింది.

చలికాలంలో ఆ చెట్టు సంరక్షణ ఒక తతంగం. హెచ్చరిక రాగానే మొదట్లో నీళ్ళు బాగా పెట్టాలి, తడిమట్టి వేడిని ఎక్కువ పట్టుకుంటుంది. మొదలు చుట్టూ ఎండుటాకులు. పైన పాత నేతచీరలు నేలదాకా కప్పాలి, ఎందుకంటే వేడి వచ్చేది నేలలోంచి. ఆకుకి ప్లాస్టిక్ తగలకూడదు. చీరల కింద క్రిస్మస్ దీపాల దండ, అదీ పాతకాలపు బల్బులదే, కొత్త ఎల్‌ఈడీలకి వేడి ఉండదు. అలా ఆ చెట్టు చూరు దాకా ఎదిగింది. చుట్టుపక్కల తెలుగు ఇళ్ళల్లో ఏ వ్రతమైనా, ఏ పులిహోరైనా రెబ్బలు అక్కణ్ణుంచే.

2021 ఫిబ్రవరి 14 ఆదివారం మంచు కురిసింది. 15 తెల్లవారుజామున కరెంటు పోయింది. టెక్సస్‌లో 45 లక్షల ఇళ్ళకీ దుకాణాలకీ పోయింది, అందులో వీళ్ళదొకటి. పదహారో తారీఖు పొద్దున విమానాశ్రయం దగ్గర సున్నాకి కింద 2 డిగ్రీలు. 1949 తర్వాత డల్లాస్‌లో అంత చలి అదే. ఐదు రోజులకి పైగా ఒక్క గంట కూడా 32 దాటలేదు. ఆ చలికి టెక్సస్‌లో 246 మంది పోయారని ప్రభుత్వ లెక్క. అలాంటి రోజుల్లో చెట్టు గురించి బాధపడటం సిగ్గుగా ఉంటుందని పిన్ని తర్వాత చాలాసార్లు అంది. ఇంట్లో నలభై డిగ్రీలు, నలుగురూ ఒకే గదిలో దుప్పట్ల కింద. కుండీలన్నీ ఆ గదిలోకే తెచ్చుకుంది. నేలలో ఉన్నదాన్ని తెచ్చుకోలేదు కదా. కరెంటుతోపాటే చీరల కింద దీపాలూ ఆరిపోయాయి. ఉన్నా పెద్ద ఉపయోగం ఉండేది కాదు. నిశ్చలమైన రాత్రి నేలనుంచి పోయే వేడిని చీర ఆపగలదు గానీ, ధ్రువాల నుంచి రోజుల తరబడి వీచే గాలిని ఏ చీర ఆపుతుంది?

చెట్టు మొదలు దాకా నల్లబడింది. మార్చి అంతా పిన్ని అటువైపు కిటికీ తెర తీయలేదు. ఏప్రిల్లో బాబాయి, ఆవిడ చూస్తుంటే బాధపడుతోందని, గడ్డపార తీసుకుని పెకలించేశాడు. పైకి లాగాక చూస్తే లోపల వేరు పచ్చిగానే ఉంది. ఇక్కడ పాతకాపులు జూన్ దాకా తవ్వొద్దంటారు, మనకేం తెలుసు? పిన్ని ఆయన్ని ఒక్క మాటా అనలేదుట. వేరు రెండు ముక్కలు చేసి రెండు కుండీల్లో పెట్టింది. నేను శనివారం మోసినవి ఆ రెండే.

మ్యాపు చదువుతుంటే నాకు తట్టినదొకటి చెప్పాలి. డల్లాస్‌లో సున్నాకి దిగువకి పడిన రాత్రులు చాలా అరుదు. 1899 ఫిబ్రవరిలో సున్నాకి కింద 8, అదే ఇప్పటికీ రికార్డు. 1949లో 2. 1989 డిసెంబర్లో 1. తర్వాత 2021. కొత్త మ్యాపు తీసుకున్న ముప్ఫై ఏళ్ళు 1991 నుంచి 2020 దాకా. అంటే 1989 చలి వెళ్ళిపోయాక తలుపు తెరిచి, 2021 చలి వచ్చేముందు మూసేశారు. ఎవరి కుట్రా కాదు, ముప్ఫై ఏళ్ళ లెక్కలు ప్రపంచమంతా అలాగే వేస్తారు. కానీ 2023లో మా పిన్నికి "మీ పెరడు వెచ్చబడింది" అని చెప్పిన మ్యాపుకి, రెండేళ్ళ క్రితం ఆ పెరట్లో జరిగింది తెలియదు.

పిన్నికి ఇదంతా వివరించాను, పెసరట్లు తింటూ. ఆవిడ పెనం మీంచి చూపు తిప్పకుండా విని, "ఆ క్యాలెండరు చూస్తావా?" అంది. పప్పుడబ్బాల వెనక చుట్టల్లోంచి 2021ది తీసి ఫిబ్రవరి పేజీ తెరిచాను. ప్రతి గడిలోనూ నీలం అంకె ఉంది. పదిహేనో తారీఖు దగ్గర 4. పదహారు దగ్గర, వసంతపంచమి అని అచ్చేసినదాని పక్కన, సున్నాకి కింద 5. విమానాశ్రయం కన్నా మూడు డిగ్రీలు తక్కువ, వాళ్ళ ఇల్లు పల్లంలో ఉంది మరి. ఇంట్లో కరెంటు లేదు, చేతికి గ్లవ్స్, బయట గాలి, ఆ చీకట్లో టార్చి వేసుకుని కంచె దాకా నడిచి చూసి రాసిందిట.

"ఆ రోజు కూడానా?" అన్నాను.

"ఆ రోజు రాయకపోతే ఇంకెందుకురా రాయడం" అని ఇంకో అట్టు వేసింది.